సిరోంచలో మూడంతస్తుల ఇంటికి వైర్‌లెస్ సెన్సార్లు: ఏం పని చేసింది, ఏం చెయ్యలే

2024 డిసెంబర్ 4 పొద్దుగాల 7:27కి ములుగు జిల్లాలో వచ్చిన 5.3 భూకంపం గోదావరి దాటి మహారాష్ట్రల ఉన్న మా సిరోంచ దాకా గట్టిగనే తెలిసింది. ఆ తర్వాత ఊళ్లె అందరిదీ ఒకటే అడుగుడు, ఈ పర్రె పాతదా కొత్తదా, పిల్లర్‌కి లోపల ఏమన్న అయిందా అని. చూసి చెప్పే ఇంజినీర్ కావాలంటే జిల్లా కేంద్రం గడ్చిరోలి దాదాపు రెండు వందల కిలోమీటర్లు. అందుకే అక్కాబావల ఇంటికి సెన్సార్లు పెట్టుడు మొదలైంది. గ్రౌండ్ మీద రెండు ఫ్లోర్లు, కింద రోడ్డు దిక్కు మొత్తం షట్టర్లే, అంటే కింద గోడలు తక్కువ, పైన ఎక్కువ. భూకంపానికి బాగా భయపడాల్సిన రకం ఇదే.

పద్ధతి ఇట్ల. ఏ బిల్డింగైనా గాలికి, రోడ్డు మీద బండ్లకి సన్నగ ఊగుతనే ఉంటది, మనకి తెలవదు. సెకనుకి ఎన్నిసార్లు ఊగుతదన్నది (దీన్నే హెర్ట్జ్‌లల్ల చెప్తరు) దాని బిగువు మీద, బరువు మీద ఉంటది. డప్పు సడలితే మోత దిగుతది కదా, పిల్లర్ బీము కలిసే చోట పగిలితే ఈ నంబర్ కూడ అట్లనే దిగుతది. నంబర్ 10 శాతం దిగితే బిగువు దాదాపు 19 శాతం పోయినట్టు, ఎందుకంటే బిగువు లెక్క ఆ నంబర్ వర్గంతో నడుస్తది. కానీ దిగిందని చెప్పాలంటే ముందుగాల ఎంత ఉండెనో రాసి ఉండాలె. భూకంపం వచ్చినంక సెన్సార్ కొంటే పోల్చుకునేటందుకు ఏం ఉండదు. ఈ డైరీ చూసి చేసేటోళ్లు మిగతావి ఏమన్న మార్చుకోండి, ఇది మాత్రం మార్చకండి: ముందుగాల బిగించుండ్రి, అన్ని కాలాల నంబర్ రాసుకోండ్రి.

దశ 1: చవక సెన్సార్‌తో ఎందుకు కాలే

1. ఎంపీయూ6050 (కదలిక కొలిచే చవక చిప్) రెండు, దాన్ని చదివే ఈఎస్పీ32 బోర్డులు రెండు. ఒకటి డాబా మీద, ఒకటి కింద షట్టర్ పక్కన.
2. సెకనుకి 100 రీడింగులు, అర్ధగంట రికార్డు.
3. కంప్యూటర్లో ఎఫ్ఎఫ్‌టీ, అంటే ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత ఊగుడు ఉన్నదో విడదీసే లెక్క.

వచ్చింది చదును గీత. డాబాదీ కిందదీ ఒకదాని మీద ఒకటి పెడితే తేడానే లేదు. కారణం డేటాషీట్‌లోనే ఉన్నది, ఈ చిప్ సొంత నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 400 మైక్రో జి (ఒక మైక్రో జి అంటే భూమి గుంజుడులో పది లక్షల వంతు). రాత్రి పూట చిన్న ఊళ్లె మూడంతస్తుల ఇల్లు ఊగేది పదుల మైక్రో జి. అంటే ఇంటి కదలిక మొత్తం చిప్ గోలలో మునిగిపోయింది. భూకంపం వచ్చి గట్టిగ ఊగితే దీనికి కూడ తెలుస్తది గని, మనకి కావాల్సిన ముందటి నంబర్ దీంతోటి రాదు.

ఖర్చు: సెన్సార్లు 360, బోర్డులు 900, వైర్లు టేపు 240. ఇప్పటిదాకా రూ. 1,500.

దశ 2: ఏడీఎక్స్ఎల్355

ఈ చిప్ నాయిస్ రూట్ హెర్ట్జ్‌కి 22.5 మైక్రో జి, పాతదానికంటె పదిహేడు పద్దెనిమిది రెట్లు తక్కువ. ధర కూడ అట్లనే ఎక్కువ, నాకు ఒక్కోటి 3,900 పడ్డది. ఐదు తెచ్చిన: నేల దగ్గర ఒకటి, మొదటి స్లాబు, రెండో స్లాబు ఒక్కోటి, డాబా మీద ఎదురెదురు మూలలకి రెండు. డాబా మీద రెండెందుకంటే ఇల్లు మెలి తిరుగుడు ఒక్కదానితోటి పట్టలేం.

ఫిల్టర్ రిజిస్టర్‌లో 5 రాస్తే సెకనుకి 125 రీడింగులు, 31.25 హెర్ట్జ్ పైన ఉన్నది చిప్పే కోసేస్తది. మొదట్ల 1000 పెట్టిన, మెమరీ కార్డు నిండుడు తప్ప లాభం లేదు. ఇంత ఇంటికి కావాల్సింది 15 హెర్ట్జ్ లోపలే.

కొలిచే ముందు ఎంత రావచ్చో లెక్క వేసుకున్న. ఐఎస్ 1893లో (భూకంపం తట్టుకునేటట్టు కట్టుడుకి మన దేశం కోడ్) గోడలు కట్టిన కాంక్రీట్ ఇంటికి సూత్రం ఉన్నది: 0.09ని ఎత్తుతో గుణించి, ఊగే దిక్కు పొడవు వర్గమూలంతో భాగించాలె. ఎత్తు 10 మీటర్లు, అడ్డం 9, నిలువు 16. అడ్డం దిక్కు 0.3 సెకను అంటే 3.33 హెర్ట్జ్, నిలువు దిక్కు 0.225 సెకను అంటే 4.44. సన్నటి ఊగుడుకి ఇంతకంటె ఎక్కువే వస్తది, సూత్రం డిజైన్ కోసం రాసింది. ఈ లెక్క చేతిలో ఉంటే గ్రాఫ్‌లో ఎక్కడ వెతకాలెనో తెలుస్తది. ఇది లేకుంట ఎవ్వరూ మొదలు పెట్టొద్దు, ఎందుకంటే దశ 4 చూడండి.

ఖర్చు: సెన్సార్లు 19,500, ఇంక మూడు బోర్డులు 1,350. ఇప్పటిదాకా రూ. 22,350.

దశ 3: బిగించుడు

డబుల్ టేపుతో అతికిస్తే 20 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఒక గుట్ట లేచింది, ఐదు చోట్ల ఐదు రకాలుగ. అది ఇంటిది కాదు, టేపులో ఉన్న స్పాంజిది. టేపు తీసి స్క్రూ కొడితే రెండో ఫ్లోర్ సెన్సార్ మాత్రం ఇంకా తిక్కగనే ఉండె. ఆ ఇల్లు కట్టిన ముసలి మేస్త్రిని పిలిస్తే వేలి కణుపుతో కొట్టి చూసి, "బిడ్డా, ఇది పిల్లర్ కాదు, మీది పూత. లోపల డొల్ల" అన్నడు. నిజంగనే అక్కడ ప్లాస్టరింగ్ పిల్లర్‌ని వదిలేసి ఉన్నది. ఆయన ఉలి పెట్టి అరచెయ్యంత మేర కాంక్రీట్ తేలేదాకా తీసిండు, దాని తర్వాత ఆ సెన్సార్ గ్రాఫ్ మిగతా నాలుగింటితోటి కలిసింది.

ఇప్పుడు ఐదింటికీ ఇదే వరుస:

1. వేలితో కొట్టి చూడాలె, డొల్ల ఉంటే పూత తియ్యాలె.
2. 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్ట్. రంధ్రం 40 మిల్లీమీటర్లు దాటొద్దు, లోపల సీకు తగిలితే పక్కకి జరగాలె, సీకు మీద డ్రిల్ నడపొద్దు.
3. 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలక, రసమట్టం పెట్టి సమానం చేసి, వెనక సందులో ఎపాక్సీ.
4. పలకకి సెన్సార్, డబ్బా దానికి మూత మాత్రమే. డబ్బాకి సెన్సార్ బిగించొద్దు.
5. ప్రతి డబ్బా మీద మార్కర్‌తో రోడ్డు దిక్కు బాణం గుర్తు. ఒక్క బోర్డు తిరగేసి ఉన్నా ఇల్లు మెలి తిరుగుతున్నట్టు లెక్క వస్తది.

ఖర్చు: డబ్బాలు 800, బోల్టులు పలకలు ఎపాక్సీ 950. ఇప్పటిదాకా రూ. 24,100.

దశ 4: 4.7 దగ్గర లేచిన ముల్లు

ఇది జర నిదానంగ చదవండి. అన్నీ బిగించినంక మొదటి మంచి రికార్డులో 4.7 హెర్ట్జ్ దగ్గర సూదిలెక్క సన్నటి ముల్లు, దాని పక్కనే వెడల్పు గుట్ట ఒకటి. ముల్లు చాలా ఎత్తు, గుట్ట దాని ముందర కనపడనే కనపడదు, ఎవరు చూసినా ముల్లునే ఇంటి నంబర్ అని రాసుకుంటరు. తెల్లారి చూస్తే ముల్లు 5.6కి పోయింది. ఇల్లు రాత్రికి రాత్రి 40 శాతం పైన గట్టిపడదు కదా.

అది సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ నిమిషానికి 280 తిరిగితే సెకనుకి 4.67. రెక్కల బరువు రవ్వంత తేడా ఉన్నా ప్రతి చుట్టుకీ ఒకసారి స్లాబుని గుంజుతది. రెగ్యులేటర్ మూడు మీద ఉంటే 4.7, ఐదు మీద పెడితే 5.6. అక్కడ ఉండే పిల్లలని ఒక్కో ఫ్యాను బంద్ చెయ్యమని చెప్పి ఫోన్లో గ్రాఫ్ చూసుకుంట కూసుంటే, రెండో ఫ్లోర్ మధ్య గదిది బంద్ చెయ్యంగనే ముల్లు పడిపోయింది. చిక్కేందంటే మూడంతస్తుల ఇండ్లు ఊగే నంబర్లు, ఫ్యాన్లు తిరిగే నంబర్లు ఒకటే చోట ఉంటయ్. పశ్చిమ దేశాలోళ్లు రాసిన గైడ్లలో ఈ ముచ్చట నాకు ఎక్కడా కనపడలే, అక్కడ ఇంటి నిండ ఫ్యాన్లు ఉండవు మరి.

గుర్తు పట్టుడు ఇట్ల:

1. మెషీన్‌ది సన్నటి ముల్లు. ఇంటిది వెడల్పు గుట్ట, ఎందుకంటే ఇంటి ఊగుడుకి ఆపుకునే గుణం ఉంటది, మా ఇంటికి రెండు మూడు శాతం వచ్చింది.
2. ఇంటిది కింది నుంచి పైకి పోయినకొద్దీ పెరగాలె. ఫ్యాన్‌ది ఆ ఫ్లోర్‌లోనే ఎక్కువ.
3. లైన్ పోయినప్పుడు రికార్డు చూడాలె. ఫ్యాన్లు, మోటర్లు, ఫ్రిజ్‌లు అన్నీ ఆగుతయ్, మిగిలిందే ఇల్లు.

మూడోదే నాకు అన్నిట్లకంటె పనికొచ్చింది. కరెంట్ పోయిందని ఊరంత తిట్టుకునే ఆ సమయంలోనే శుద్ధమైన డేటా వస్తది. ఇప్పుడు బోర్డు లైన్ ఉన్నదా లేదా అని కూడ రాస్తది, లైన్ లేని ముక్కలన్నీ వేరే ఫోల్డర్‌లోకి పోతయ్.

అట్ల వచ్చిన అసలు నంబర్లు: అడ్డం దిక్కు 4.61, నిలువు దిక్కు 5.32, మెలి తిరుగుడు 6.4 హెర్ట్జ్.

దశ 5: కార్డు, టైము

ఏడీఎక్స్ఎల్355 లోపల 96 గడుల బఫర్ ఉంటది, మూడు దిక్కులకి పంచితే 32 రీడింగులు, 125 చొప్పున 0.256 సెకను. మెమరీ కార్డు అప్పుడప్పుడు రాసుకునే ముందు అంతకంటె ఎక్కువ సేపే ఆగుతది, ఆ సందులో రీడింగులు పోతయ్. ఫైల్ చూస్తే తెలవదు, రీడింగులు వరుసగనే ఉన్నట్టు ఉంటయ్, గంటకి లెక్కపెడితేనే తక్కువ ఉన్నట్టు బయటపడ్డది. ఈఎస్పీ32లో రెండు కోర్లు ఉన్నయ్ కాబట్టి ఒకటి సెన్సార్ చదువుడు, ఒకటి కార్డు రాసుడు, మధ్యల నాలుగు సెకన్ల బఫర్. ప్రతి ముక్కకి వరుస నంబర్ కూడ పెట్టిన, పోతే పోయిందని కనపడాలె. అప్పటి సంది ఒక్క రీడింగ్ పోలే.

టైము సంగతి ఇంకా తిప్పలు. రెండు బోర్డులు ఒకే బల్ల మీద పెట్టి మొదట్ల ఒకసారి, గంటకి ఒకసారి వేలితో బల్లని కొట్టిన. మొదటి దెబ్బ రెండింట్లోనూ ఒకే చోట, రెండో దెబ్బ 58 మిల్లీ సెకన్లు దూరం. ఇల్లు ఒక్కసారి ఊగేది 217 మిల్లీ సెకన్లు, అంటే పావు చుట్టు పైనే తేడా. ఇట్లనే లెక్క కడితే డాబా ఒక దిక్కు పోతుంటే రెండో స్లాబు ఇంకో దిక్కు పోయినట్టు వచ్చింది, అది జరిగే పని కాదు. బోర్డుల మీద ఉండే మామూలు క్రిస్టల్స్ అంతే.

డాబా బోర్డుకి జీపీఎస్ పెట్టి, అది పది సెకన్లకోసారి లోరాలో (దూరం పోయే, కానీ నిదానంగ పంపే రేడియో) టైము కేక పెడతది, మిగతావి అందిన క్షణం రాసుకుంటయ్, లెక్క కట్టేటప్పుడు దిద్దుకుంటం. ఇప్పుడు బల్ల పరీక్షలో తేడా ఒక మిల్లీ సెకను లోపలే. ఒకే ఒక్క సెన్సార్‌తో నంబర్ మాత్రమే చూసుకునేటోళ్లకి ఇదంతా అక్కర లేదు, ఏ ఫ్లోర్ బలహీనమైందో తెలవాలంటేనే కావాలె. మాకు కింద షట్టర్లున్న ఫ్లోరే భయం కాబట్టి తప్పలే.

ఖర్చు: కార్డులు మాడ్యూళ్లు 2,150, జీపీఎస్ 480. ఇప్పటిదాకా రూ. 26,730.

దశ 6: రేడియో

వైఫై మూడు స్లాబులు దాటి కిందికి రాలే. లోరా సులువుగ వచ్చింది, మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్స్ లేకుంట వాడుకోవచ్చు. కానీ లోరాలో మొత్తం డేటా పంపుడు కుదరదు. సెకనుకి 125 రీడింగులు, మూడు దిక్కులు, ఒక్కోటి మూడు బైట్లు, అంటే 1,125 బైట్లు, 9 కిలోబిట్లు. మామూలు 125 కిలోహెర్ట్జ్ సెట్టింగ్‌లో లోరా వేగంగ పెట్టినా 5.5 దగ్గరనే. ఒక్క నిమిషం రికార్డు 67,500 బైట్లు, 222 బైట్ల ప్యాకెట్లు 305 అయితయ్, ఒక్క సెన్సార్‌ది పంపేటందుకే రెండు నిమిషాల దగ్గర పడతది, ఐదు సెన్సార్లకి ఒకటే దారి.

అందుకని పూర్తి డేటా కార్డులోనే. లోరాలో 32 బైట్ల చిట్టీ మాత్రమే: ఎక్కువలో ఎక్కువ ఎంత ఊగింది, ఆ గంట నంబర్, వేడి, బ్యాటరీ. భూకంపం లాంటిది వస్తే ముందు చిట్టీ పోతది, పూర్తి రికార్డు నిదానంగ తర్వాత. గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద బర్కిలీ వాళ్లు 64 వైర్‌లెస్ సెన్సార్లు పెట్టినప్పుడు కూడ డేటా ఒకటి నుంచి ఒకటి అందుకుంట గట్టుకి చేరుడే పెద్ద పని అయింది. రేడియో ఎప్పుడూ సన్నదే, కార్డుని నమ్మాలె.

ఖర్చు: లోరా ఆరు 3,120, చిట్టీలు అందుకునేటందుకు పాత రాస్ప్‌బెర్రీ పై (చిన్న కంప్యూటర్) 4,000. ఇప్పటిదాకా రూ. 33,850.

దశ 7: కరెంటు, ఎండ

భూకంపంలో ముందు పోయేది కరెంటే, కాబట్టి బ్యాటరీ తప్పదు. కదలిక వచ్చినప్పుడే లేచే పద్ధతి చూసిన, లేచేసరికి మొదటి అలలు పోతున్నయ్, వదిలేసిన. ఎప్పుడూ నడిస్తే బోర్డుకి 65 మిల్లీ యాంప్. 18650 లిథియం సెల్స్ రెండు కలిపి 5,000 మిల్లీ యాంప్ అవర్, నష్టాలు పోను రెండున్నర రోజులు వస్తది.

మే నెల మధ్యాహ్నం డాబా డబ్బా లోపల 61 డిగ్రీలు చూపించింది. లిథియం సెల్స్ 45 పైన చార్జింగ్ చెయ్యకూడదు. సెన్సార్ అక్కడనే ఉంచి, సెల్స్ మాత్రం మెట్ల గదిలోకి రెండు మీటర్ల వైర్‌తో దించిన. 45 దాటితే చార్జింగ్ ఆపేసే చిన్న కోడ్ కూడ పెట్టిన. ఇది మంటల సంగతి, దీంట్ల పిసినారితనం చెయ్యొద్దు.

ఖర్చు: 3,100. ఇప్పటిదాకా రూ. 36,950.

దశ 8: ఏడాది నంబర్లు

అడ్డం దిక్కు, రాత్రి 2 నుంచి 4 దాకా సగటు:

ఫిబ్రవరి 4.61
మే 4.63 (మధ్యాహ్నం తీస్తే 4.68)
ఆగస్ట్, వానలు దంచినప్పుడు 4.70
నవంబర్ 4.62

వానలకి దిగుతదనుకున్న, గోడలు నీళ్లు తాగి బరువెక్కుతయ్ కదా అని. ఎక్కింది. కాలిఫోర్నియాలో పాసడీనాలో ఇదివరకు మిల్లికాన్ లైబ్రరీ అనేటి (ఇప్పుడు కాల్‌టెక్ హాల్) తొమ్మిదంతస్తుల బిల్డింగ్ ఉన్నది, దాన్ని 1960ల సంది కొలుస్తున్నరు, అక్కడ కూడ పెద్ద వానల తర్వాత ఎక్కి మళ్ల మెల్లగ దిగుతది, పునాది కింద నేల తడుపుడే కారణమంటరు. అదే బిల్డింగ్ 1971 శాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత దిగి, పాత నంబర్‌కి పూర్తిగ తిరిగి రాలే. మనకి పట్టాల్సింది ఈ రెండో రకం, వానకి మారేది కాదు.

డాబా మీది 2,000 లీటర్ల ట్యాంకీ కూడ లెక్కలో పడింది. నిండుగ ఉంటే 0.02 దిగుతది. ఒక్క రాత్రి గ్రాఫ్‌లో అంత చిన్న తేడా పట్టలేం, చాలా రాత్రులు నిండిన రోజులు ఖాళీ రోజులు విడదీస్తేనే కనపడ్డది. ఇప్పుడు అక్క పడుకునే ముందు మోటర్ వేసి నింపుతది, ఆ ఒక్క మార్పుతోటి రాత్రి నంబర్లు చానా దగ్గర దగ్గరికి వచ్చినయ్.

మొత్తం మీద ఏడాదిలో 4.58 నుంచి 4.71 మధ్యనే తిరిగింది, మూడు శాతం లోపల.

దశ 9: గీతలు ఎక్కడ గీసినం

ఇల్లు పగలగొట్టి చూడలేం కాబట్టి దుకాణంలో ఉన్న ఇనుప రాక్ మీద పరీక్ష. వెనక అడ్డం పట్టీలు ఉన్నప్పుడు 3.9, కింది అరవి తీసేస్తే 2.6. లెక్క ప్రకారం బిగువు సగం పైన పోయింది, ఏ అరలో పోయిందో కూడ ఐదు సెన్సార్లు సరిగ్గనే చూపించినయ్.

తప్పుడు గంటలు మొదట్ల చానా మోగినయ్. ఇసుక లారీలు, పక్కింట్ల గ్రైండర్, పెండ్లి డీజే. 2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు నడిచినప్పుడు బ్రిడ్జి మీద నుంచి బండ్లు రాత్రంతా ఆగలే, ఫోన్ మోగుతనే ఉండె. ఇప్పటి షరతు: ఒక సెకను సగటు, ముప్పై సెకన్ల సగటుకి నాలుగు రెట్లు దాటాలె, నేల సెన్సార్‌తో కలిపి కనీసం మూడింట్ల రెండు సెకన్లలోపే రావాలె, కదలిక 10 హెర్ట్జ్ లోపల ఉండాలె. లారీ ఎక్కువ శాతం అంతకు పైనే, అది కూడ కిందికి పైకి.

మేం పెట్టుకున్న గీతలు ఇవి, ఐఎస్ కోడ్‌లో రాసినవి కావు:

1. ఏడాది పరిధి కింది అంచుకి 5 శాతం కిందికి దిగి మూడు రాత్రులు అక్కడనే ఉంటే ఇంజినీర్‌ని పిలవాలె. గట్టిగ ఊగుతున్నప్పుడు ఏ ఇంటి నంబరైనా దిగుతది, చాలాసార్లు మళ్ల ఎక్కుతది, అందుకే మూడు రాత్రులు.
2. 10 శాతం దిగితే ఆయన వచ్చి చూసేదాకా లోపల పడుకోవద్దు.
3. ఒక్క ఫ్లోర్ 3.2 మీటర్ల ఎత్తుకి 12.8 మిల్లీమీటర్ల కంటె పక్కకి జరిగినట్టు లెక్క వస్తే నంబర్ ఎట్లున్నా ఇంజినీర్. 12.8 మాత్రం ఐఎస్ 1893లో ఫ్లోర్ జరుగుడుకి పెట్టిన 0.004 లెక్క నుంచి తీసుకున్న. ఊగి పూర్తిగ వెనక్కి రాకుంట ఒరిగి ఉండిపోతే ఈ సెన్సార్‌కి అది తెలవదు, లంబం గుండు వేలాడదీసి చూడాలె.
4. "ఇల్లు బాగుంది" అనే మెసేజ్ అసలు పెట్టలే. నంబర్ దిగలేదంటే ఇల్లు సేఫ్ అని కాదు, ఒక పిల్లర్‌కి చిన్న దెబ్బ తగిలితే మొత్తం ఇంటి నంబర్ కదలకపోవచ్చు.

పెంకుటిండ్లకి ఇది పెట్టకండి

పాత బజార్ల మట్టి అడుసుతో కట్టిన గోడలు, మీద పెంకలు ఉన్న ఇంట్లో పెట్టి చూసిన. ఒక్కో గోడ ఒక్కో రకంగ ఊగుతది, పైన అన్నిటినీ కట్టి పట్టే స్లాబు లేదు, ఇంటి మొత్తానికి ఒక నంబర్ అనేదే రాదు. అసలు ప్రమాదం మాత్రం ఇసొంటి ఇండ్లకే. 1993 సెప్టెంబర్ 30న కిల్లారిలో ఎక్కువ మంది పోయింది బరువు రాళ్లని మట్టితోటి పేర్చిన గోడల కిందనే, అప్పటి మ్యాపులో ఆ ప్రాంతం అన్నిట్లకంటె తక్కువ ప్రమాదం జోన్. ఇసొంటి ఇంటికి 37 వేలు సెన్సార్ల మీద పెట్టే బదులు మూలలకి, గోడల మీది అంచుకి పట్టీ కట్టించుడు మేలు. పర్రె కదులుతుందా తెలవాలంటే సన్నటి అద్దం ముక్క అడ్డంగ జిప్సంతో అతికించి తారీఖు రాయాలె, పర్రె కదిలితే అద్దం పగులుతది. ఆ ఇంట్లో మేం అదే చేసినం.

ఇంక మిగిలిన పని

1. మీటర్ బోర్డు తలుపు లోపల నంబర్లు, తారీఖులు, సెన్సార్ల స్థానాలు ప్రింట్ తీసి అతికించినం, తెలుగులోనూ మరాఠీలోనూ, నేను లేకున్నా వచ్చిన ఇంజినీర్‌కి దొరకాలె. ఏడాది సగటులు ఇంకా దాంట్ల ఎక్కించాలె.
2. నేల సెన్సార్ డబ్బాలోకి వానకాలం తేమ పోతున్నది, వైర్ దూరే చోట రబ్బర్ గ్లాండ్ మార్చాలె.
3. బడి బిల్డింగ్‌కి మూడు సెన్సార్లతో రెండో సెట్. టైము సర్దుబాటు తీసేసి నంబర్ వరకే చూస్తే 20 వేల లోపల అయితదని లెక్క వేసిన, అనుమతి కాయితం పెట్టినం.